బొమ్మ వస్తుంది, చదువు రాదు!

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. మా అబ్బాయికి పదకొండేళ్ళు. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. వాడికి చదువు రావడం లేదు. 'ప' అన్నచోట 'వ' అంటాడు, 'మ'కీ 'య'కీ తేడా తెలియదు. ఒక లైను చదివి కింది లైను వదిలేస్తాడు. ఇంగ్లీషు మాట ఇవాళ నేర్పితే రేపు మొదటికి వస్తుంది. ఎక్కాలు నోటికి రావు. నోటితో కథ చెప్పమంటే మాత్రం అరగంట చెబుతాడు. లెక్క చదివి వినిపిస్తే జవాబు చెప్పేస్తాడు.

వాడికి బొమ్మల పిచ్చి. రథం బొమ్మ వేస్తే చక్రం ఆకులు కూడా లెక్క తప్పడు. పెంకుటిల్లు వేస్తే ఒక్కొక్క పెంకూ వేస్తాడు. ఈ మధ్య కాంపాసు ముల్లుతో నూనె డబ్బా రేకుల మీద గీస్తున్నాడు. దానికి రంగు పులిమి కాగితం అద్దితే బొమ్మ పడుతుందట. మావారు చదువు పాడైపోతోందని వాడి బొమ్మల పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టేశారు. వచ్చే ఏడు హాస్టల్లో వేస్తే దార్లోకి వస్తాడంటున్నారు. ఊళ్ళో డాక్టరు జ్ఞాపకశక్తి టానిక్కు ఇచ్చాడు. మూడు సీసాలు అయిపోయాయి. తాయెత్తు కూడా కట్టించాం. మొన్న రాత్రి పక్కలో పడుకుని, "అమ్మా, నేను మొద్దువాణ్ణా?" అని అడిగాడు. నాకు నిద్ర పట్టడం లేదు. దారి చెప్పండి. పేరు వేయవద్దు.

- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. ఈ ఉత్తరం అందిన రోజే వాడికి చదివి వినిపించండి. వాడు మొద్దువాడు కాడు. మొద్దు అయిన పిల్లవాడు అరగంటసేపు కథను వరుస తప్పకుండా చెప్పలేడు. చదివి వినిపిస్తే లెక్క చెయ్యలేడు. రథచక్రం ఆకులు లెక్కపెట్టి వెయ్యలేడు. మీ ఉత్తరంలో వాడి తెలివికి సాక్ష్యాలు మీరే రాశారు. అవి తెలివి లెక్కలోకి వస్తాయని మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది 'డిస్లెక్సియా' అనే ఇబ్బంది కావచ్చునని నా అనుమానం. ఉత్తరం చూసి నిర్ధారణ చెయ్యకూడదు. పరీక్షలు చేయించాలి. అవేమిటో తర్వాత చెబుతాను. ముందు ఈ ఇబ్బంది ఏమిటో తెలుసుకోండి. మీకన్నా ముందు మీ వారు తెలుసుకోవాలి. కాబట్టి ఈ పేజీ ఆయన చేతికి ఇవ్వండి.

ఇది కొత్త రోగం కాదు

జర్మనీ దేశంలో రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి వైద్యుడు 1887లో ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఒక పద్నాలుగేళ్ళ కుర్రవాడి సంగతి వైద్యపత్రికలో రాశాడు. ఆ కుర్రవాడు చురుకైనవాడు. ఆటల్లో ఎవరికీ తీసిపోడు. పెద్దపెద్ద అంకెలు గడగడా చదువుతాడు. కాని అక్షరాలు చదవమంటే గుటకలు మింగుతాడు. తన పేరు 'పెర్సీ' అని రాయమంటే అక్షరాలు అటూ ఇటూ చేసి 'ప్రెసీ' అని రాసి, తప్పు రాశానని తెలుసుకోలేకపోయాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తం మీద వీడే తెలివైనవాడు అవుతాడని వాళ్ళ మాస్టారు అన్నాడట. చూశారా, నూటపాతికేళ్ళు దాటినా మీ ఉత్తరానికీ ఆ కేసుకూ ఎంత పోలిక ఉందో!

మాట్లాడడం మనిషికి పుట్టుకతో వచ్చే విద్య. ఇంట్లో వింటూ ఉంటే పిల్లవాడికి దానంతటదే వస్తుంది. చదవడం అలా కాదు. మనిషి రాత కనిపెట్టి అయిదువేల ఏళ్ళు దాటింది, అంతే. అంచేత మన మెదడులో చదువు కోసమని ప్రత్యేకంగా ఒక గది లేదు. చూపుకు సంబంధించిన భాగాన్నీ, వినికిడికి సంబంధించిన భాగాన్నీ, మాటకు సంబంధించిన భాగాన్నీ కలిపి ప్రతి పిల్లవాడూ కొత్తగా ఒక బాట వేసుకోవాలి. 'కమలం' అని వినగానే అందులో క, మ, లం అనే ముక్కలున్నాయని చెవి విడదీయాలి. ఒక్కో ముక్కకూ ఒక్కో గుర్తు ఉందని కన్ను పట్టుకోవాలి. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఈ విడదీసి అతికించే పని కష్టపడుతుంది. మెదడు ఎడమవైపున ఈ పని చేసే భాగాలు మిగతావాళ్ళలో పనిచేసినంత చురుగ్గా పనిచెయ్యవని మెదడు ఫోటోలు తీసే యంత్రాలతో చేసిన పరీక్షల్లో తేలింది.

చాలామంది ఈ పిల్లలకు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయనుకుంటారు. అది నిజం కాదు. కన్ను సరిగానే చూస్తుంది. ఆ ఆకారానికి ఏ శబ్దమో వెంటనే గుర్తు రాదు. అందుకే ఒకదానికొకటి దగ్గరగా ఉండే ప-వ-ష, మ-య, ద-ధ-థ వంటి అక్షరాల దగ్గర తడబడతాడు. మన తెలుగులో ఒక మేలు ఉంది. ఏ అక్షరానికి ఆ శబ్దమే. గుణింతం పట్టుబడితే నిదానంగానైనా చదవగలుగుతాడు. వత్తుల దగ్గర, పెద్ద పెద్ద సమాసాల దగ్గర ఆగుతాడు. ఇంగ్లీషులో ఆ మేలు లేదు. ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలుకుతుంది. రాతలో ఉన్న అక్షరం పలుకులో ఉండదు. అందుకే తెలుగులో నడిచే పిల్లవాడు ఇంగ్లీషులో కుంటుతాడు. తప్పు వాడిది కాదు.

ఈ ఇబ్బంది నూటికి 5 నుంచి 10 మందిలో ఏదో ఒక మోతాదులో ఉంటుందని అంచనా. అంటే నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరి నుంచి నలుగురి దాకా ఉన్నారన్నమాట. కుటుంబాల్లో వస్తుంది కూడా. మీ వారి చిన్నతనంలో ఆయన చదువు ఎలా సాగిందో, మేనమామలూ బాబాయిలూ ఎవరైనా బడి మానేశారేమో ఒకసారి నెమ్మదిగా కనుక్కోండి. ఎత్తిపొడవడానికి కాదు. పరీక్ష చేసే డాక్టరుకు ఆ సంగతి పనికొస్తుంది.

ఒక చిత్రకారుడి కథ

మందులూ పరీక్షలూ చెప్పేముందు మీకు ఒక మనిషి సంగతి చెప్పాలి. రేకు మీద ముల్లుతో గీసి కాగితం మీద అద్దుతున్నాడని మీరు రాయగానే నాకు గుర్తొచ్చిన మనిషి ఆయన.

చక్ క్లోజ్ అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మన్రో అనే ఊళ్ళో 1940లో పుట్టాడు. చదవడం రాదు. ఎక్కాలు ఎప్పటికీ పట్టుబడలేదు. కండరాల బలహీనత వల్ల మిగతా పిల్లలతో పరుగెత్తలేడు. పదకొండో ఏట తండ్రి పోయాడు. మీ అబ్బాయి వయసే. ఆ రోజుల్లో ఆ బడుల్లో డిస్లెక్సియా అన్న మాట ఎవరికీ తెలియదు. సోమరి అన్నారు. కాలేజీ చదువు మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. కారు బాడీలు బాగుచేసే పని నేర్చుకోమన్నారు. ఆ పని తక్కువదని నేననడం లేదు. ఆ పిల్లవాడిలో ఏముందో చూడకుండానే వాడి దారి తేల్చేశారని చెబుతున్నాను.

అతను తనకు తానే ఉపాయం కనిపెట్టుకున్నాడు. పరీక్ష ముందురోజు రాత్రి స్నానాల తొట్టిలో వేడినీళ్ళు నింపుకుని కూర్చునేవాడు. తొట్టికి అడ్డంగా ఒక చెక్క వేసి దాని మీద పుస్తకం పెట్టుకునేవాడు. గదంతా చీకటి చేసి, వెలుతురు ఒక్క పేజీ మీద మాత్రమే పడేలా చూసుకునేవాడు. ప్రతి పేజీ అయిదుసార్లు పైకి చదివేవాడు. చదివింది చెవిన పడితే గాని తలకెక్కదని అతనికి తెలుసు. ఒంటి చర్మం ముడతలు పడేదాకా అలా కూర్చుని, మర్నాడు బడికి వెళ్ళి పరీక్ష రాసేవాడు. (తల్లులారా, నీళ్ళ దగ్గర కరెంటు దీపం మాత్రం పెట్టకండి. ప్రాణాపాయం. ఇందులో గ్రహించవలసింది తొట్టి కాదు. వెలుతురు ఒక్క పేజీ మీదే ఉండడం, గొంతెత్తి చదవడం.)

రాతపరీక్షలో రాని మార్కులు బొమ్మలతో తెచ్చుకునేవాడు. అమెరికా ఖండాన్ని దాటిన లూయిస్, క్లార్క్ అనే యాత్రికుల ప్రయాణాన్ని పొడవైన బొమ్మల పటంగా వేసి మాస్టారికి ఇచ్చాడు. పాఠం తనకు అర్థమైందని ఆ విధంగా రుజువు చేసుకున్నాడు. ఎవరినైనా చేర్చుకునే ఊరి కాలేజీలో చేరి, అక్కణ్ణుంచి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికీ, అక్కణ్ణుంచి యేల్ విశ్వవిద్యాలయానికీ వెళ్ళి 1964లో పెద్ద పట్టా పుచ్చుకున్నాడు.

అతనికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మనుషుల ముఖాలు గుర్తుండవు. నిన్న మాట్లాడిన మనిషిని ఇవాళ పోల్చుకోలేడు. అయినా జీవితమంతా ముఖాలే వేశాడు. ఎదురుగా కదిలే ముఖం మనసులో నిలవదు గాని, ఫోటోలాగా బల్లపరుపుగా ఉంటే నిలుస్తుందని ఆయనే చెప్పుకున్నాడు.

రాగిరేకు మీద ముఖం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాగిరేకు మీద మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసినచోట గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం వేసి యంత్రంలో నొక్కితే బొమ్మ అచ్చుపడుతుంది. దాన్ని ఎచింగ్ అంటారు. మన మెదక్ ప్రాంతంలో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ గారి ఎచింగులు మీలో కొందరు చూసే ఉంటారు. ఇందులోనే మెజోటింట్ అని మరో పద్ధతి ఉంది. రేకు మొత్తాన్ని ముందే గరుకు చేస్తారు. అలాగే అచ్చు వేస్తే కాగితమంతా నల్లగా వస్తుంది. తరవాత ఎక్కడ వెలుతురు కావాలో అక్కడ గీకి, నునుపు చేసుకుంటూ పోవాలి. అంటే చీకట్లోంచి ముఖాన్ని కొంచెం కొంచెంగా బయటికి తియ్యాలి.

1972లో చక్ క్లోజ్ కాలిఫోర్నియాలోని క్రౌన్ పాయింట్ ప్రెస్ అనే అచ్చు కార్ఖానాకు వెళ్ళాడు. దాన్ని 1962లో స్థాపించిన కాథన్ బ్రౌన్ అనే ఆవిడతో కలిసి, అప్పటికి దాదాపు వాడుక తప్పిపోయిన ఈ మెజోటింట్ పద్ధతిలో 'కీత్' అనే స్నేహితుడి ముఖాన్ని చాలా పెద్ద రేకు మీద వేశాడు. ఫోటో మీద గళ్ళు గీసుకుని, రేకు మీద కూడా గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఏముందో చూసి ఆ గడి వరకే వేసుకుంటూ పోయాడు. ముఖం మొత్తం ఒక్కసారి చూస్తే అతనికి బెదురు. ఒక్క గడి చూస్తే బెదురు లేదు. ఒక గడిలో కనురెప్ప చివర, ఇంకో గడిలో పెదవి అంచు. అంతే కదా!

పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి మధ్యమధ్య అచ్చులు తీశారు. మొదట పనిచేసిన భాగం అలా మాటిమాటికీ నొక్కుడు పడి అరిగిపోయి తెల్లబారింది. దాంతో గళ్ళు బయటికి కనిపించాయి. మరొకరైతే పాడైపోయిందని రేకు అవతల పారేసేవారు. అతనికి ఆ గళ్ళు నచ్చాయి. ఆనాటినుంచి గళ్ళను దాచడం మానేశాడు. 1977లో తన ముఖాన్నే గడిగడికీ గీతలు నింపి ఎచింగుగా వేశాడు. దగ్గరగా చూస్తే గీతలూ గళ్ళూ. దూరంగా జరిగితే మనిషి.

1988లో వెన్నులోని రక్తనాళం దెబ్బతిని ఆయన ఒళ్ళు చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చుని, చేతికి కుంచె కట్టించుకుని, మళ్ళీ అదే గళ్ళ పద్ధతిలో బొమ్మలు వేశాడు. 2021లో ఎనభై ఒకటో ఏట చనిపోయాడు. మనిషిగా అన్నివిధాలా ఆదర్శమని నేను చెప్పను. తమతో అసభ్యంగా మాట్లాడాడని 2017లో కొందరు స్త్రీలు ఆయన మీద ఆరోపణ చేశారు. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. మనకు కావలసింది ఆయన పనిచేసిన తీరు. తన బొమ్మలన్నిటికీ మూలం తన చదువు ఇబ్బందేనని ఆయన పలుమార్లు చెప్పుకున్నాడు. పెద్ద పని చూసి బెదిరే మెదడుకు చిన్న గడి ఇవ్వాలి. అమ్మా, మీ అబ్బాయికి కావలసిన వైద్యం కూడా అదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. డిస్లెక్సియా ఉన్నవాళ్ళందరూ చిత్రకారులు కారు. కొందరు వడ్రంగులవుతారు, కొందరు వ్యాపారం చేస్తారు, కొందరు నాలాగా డాక్టర్లవుతారు. ఏ ప్రత్యేకతా కనపడని పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళకూ ఇదే ఆదరణ కావాలి. 'వీడికి బొమ్మలున్నాయిగా, చదువెందుకు' అని వదిలెయ్యడం కూడా తప్పే. బస్సు బోర్డూ మందుసీసా మీద చీటీ చదువుకోవడం ప్రతివాడికీ అవసరం.

ఇక మీరు చేయవలసినవి

మొదట కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి. చూపు తగ్గినా వినికిడి తగ్గినా చదువు కుంటుపడుతుంది. ఆ రెండూ బాగుంటే, దగ్గరలోని వైద్య కళాశాల ఆస్పత్రిలో పిల్లల డాక్టరుకో మానసిక వైద్య విభాగంలోనో చూపించండి. మానసిక వైద్యం అనగానే బెదరకండి. అక్కడ మనస్తత్వ పరీక్షలు చేసే నిపుణులుంటారు. ముందు తెలివితేటల పరీక్ష చేస్తారు. తరవాత చదవడం, రాయడం, స్పెల్లింగు, లెక్కలు విడివిడిగా పరీక్షిస్తారు. ఇందుకు బెంగుళూరులోని నిమ్హాన్స్ వారు తయారుచేసిన పరీక్షలు మనదేశంలో విరివిగా వాడతారు. ఒకచోట కుదురుగా కూర్చోలేని జబ్బు కూడా దీంతో పాటు కొందరు పిల్లల్లో ఉంటుంది. అదీ చూస్తారు. దానికైతే మందులున్నాయి.

డిస్లెక్సియాకు మాత్రం మందు లేదు. టానిక్కులు మానెయ్యండి. ఆ డబ్బుతో గుడ్లూ పండ్లూ పెట్టండి. జ్ఞాపకశక్తి మాత్రలు, రంగు కళ్ళద్దాలు, కంటి వ్యాయామాలు దీన్ని తగ్గిస్తాయని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పోసుకోవద్దు. తాయెత్తు వల్ల నష్టం లేదు. అది కట్టాం కదా అని పరీక్షలు మానేస్తే నష్టం.

దీనికి వైద్యం నేర్పే పద్ధతిలోనే ఉంది. ఈ పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉంటారు. వారు దొరికితే సరే. దొరికేదాకా ఇంట్లో ఇలా చెయ్యండి.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. గంటలకొద్దీ కూర్చోబెట్టవద్దు. అట్టముక్కలో ఒక లైను పట్టేంత కిటికీ కోసి పుస్తకం మీద పెట్టండి. కింది లైను కనపడదు గనుక బెదురు ఉండదు. చక్ క్లోజ్ గడి లాంటిదే ఇది. ఒక మాట తీసుకుని చప్పట్లు కొడుతూ ముక్కలు చెప్పించండి. 'ప-ల-క' మూడు చప్పట్లు. ఆ తరవాత ఒక్కో ముక్కకూ అక్షరం చూపించండి. ఒకేసారి ప, వ, ష మూడూ నేర్పవద్దు. ప బాగా వచ్చాక పదిరోజులు ఆగి వ నేర్పండి. బియ్యప్పిండిలోనో ఇసుకలోనో వేలితో దిద్దించండి. దిద్దుతూ ఆ శబ్దం పైకి అనమనండి. చెయ్యి, చెవి, కన్ను, నోరు నాలుగూ ఒకేసారి పనిచెయ్యాలి. పాఠం మీరు పైకి చదివి వినిపించండి. ఫోనులో రికార్డు చేసి ఇస్తే మళ్ళీ మళ్ళీ వింటాడు. తప్పు చదివితే అక్కడే ఆపి తిట్టకండి. వాక్యం పూర్తయ్యాక ఆ ఒక్క మాట మీరు పలికి చూపించండి.

బడి సంగతి

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల ఇబ్బందుల్లో ఈ చదువు ఇబ్బంది కూడా ఉంది. కాబట్టి బడివారు దయతలచి చేసేదేమీ లేదు, ఇది మీ అబ్బాయి హక్కు. పరీక్షలు చేయించాక ప్రభుత్వ వైద్య బోర్డు ధ్రువపత్రం ఇస్తుంది. దాన్ని బట్టి పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం, అవసరమైతే చెప్పింది రాసిపెట్టే మనిషి, ఇలాంటి సౌకర్యాలు అడగవచ్చు. ఏ బోర్డు పరీక్షకు ఏ సౌకర్యం ఉందో హెడ్మాస్టారు గారిని అడిగి, కాగితం మీద దరఖాస్తు పెట్టండి. పదో తరగతిలో కళ్ళు తెరవడం కాదు, ఆరో తరగతిలోనే మొదలుపెట్టాలి.

అందరి ముందూ పైకి చదవమని లేపవద్దని క్లాసు మాస్టారికి ఒక్కమాట చెప్పండి. జవాబు నోటితో చెప్పినా, పటం వేసి చూపించినా మార్కులు వెయ్యమని కోరండి. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా ఆయన చూసి ఉంటే మీ పని సగం తేలికవుతుంది.

రేకులూ, ముళ్ళూ

డబ్బా రేకు అంచు కత్తిలాంటిది. తుప్పు పట్టినది మరీ ప్రమాదం. పదో ఏట వెయ్యవలసిన ధనుర్వాతం టీకా మీ అబ్బాయికి పడిందో లేదో చూసుకోండి. పడకపోతే ప్రభుత్వాస్పత్రిలో వేయించండి. పెద్దవాడైతే ఎచింగు నేర్చుకోవచ్చు గాని, ఇప్పుడు ఆమ్లాల జోలికి పోనివ్వకండి. నత్రికామ్లం పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది. దాన్ని తగిన గాలి ఉన్న గదిలో, కళ్ళద్దాలూ తొడుగులూ వేసుకుని తెలిసినవాళ్ళే వాడాలి. ఇంట్లో బెండకాయ ముక్కా, సగానికి కోసిన బంగాళాదుంపా, రబ్బరు ముక్కా చాలు. చెక్కేటప్పుడు పెద్దవాళ్ళు దగ్గర ఉండాలి.

మీది కృష్ణా జిల్లా అన్నారు. పెడనలో కలంకారీ అద్దకం పనివారు టేకు చెక్క మీద అచ్చులు చెక్కడం ఒకసారి వాడికి చూపించండి. అచ్చు మీద బొమ్మ తిరగబడి ఉంటుంది, బట్ట మీద సరిగా పడుతుంది. అక్షరం తిప్పి రాశావని రోజూ తిట్లు తినే పిల్లవాడు, తిప్పి చెక్కడమే పనితనమైన చోటు ఒకటి ఉందని కళ్ళారా చూస్తాడు. ఇది వైద్యం కాదు. ధైర్యం.

ఇక హాస్టలు సంగతి

అయ్యా, ఇది మీకు రాస్తున్నాను. మీ కోపం నాకు అర్థమైంది. మీరు కష్టపడి ఫీజు కడుతున్నారు, వాడు చదవడం లేదు. మొండికేస్తున్నాడనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కాని వాడు మొండికెయ్యడం లేదు. తరగతిలో మిగతావాళ్ళు ఒక్క గుక్కలో చదివే పేజీకి వాడు మూడింతలు కష్టపడుతున్నాడు. సాయంత్రానికి అలిసిపోయి, తనకు వచ్చిన ఒకే ఒక్క పని దగ్గర కూర్చుంటున్నాడు. మీరు తగలబెట్టింది దాన్ని. ఇప్పుడు హాస్టల్లో వేస్తే, వాడి సంగతి తెలియనివాళ్ళ మధ్య రోజంతా వెక్కిరింతలు పడతాడు. పరీక్షలు అయ్యి, ఇబ్బంది ఏమిటో తేలేదాకా ఆ ఆలోచన మానండి.

ఇలాంటి పిల్లలకు అసలు ప్రమాదం డిస్లెక్సియా వల్ల కాదు. 'నేను దేనికీ పనికిరాను' అన్న నమ్మకం వల్ల. తిండి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, బడి అనగానే రోజూ కడుపునొప్పి వస్తున్నా, స్నేహితులను మానేసినా, 'నేను లేకపోతే మీకు బాగుంటుంది' వంటి మాట నోట వచ్చినా క్షణం ఆలస్యం చెయ్యకండి. డాక్టరుకు చూపించండి. పగలూ రాత్రీ ఎప్పుడైనా 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది ప్రభుత్వంవారి మానసిక ఆరోగ్య సేవ, టెలి మానస్. మీ అబ్బాయి ఆ రాత్రి అమ్మను అడిగాడు గనుక ఇంకా ఆశ ఉంది. అడగడం మానేసినప్పుడే భయం.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. బజారుకు వెళ్ళి ఒక మంచి బొమ్మల పుస్తకం కొనండి. వాడి తల్లి చేత ఇప్పించవద్దు, మీరే ఇవ్వండి. పాతవి తగలబెట్టినందుకు తప్పయిందని ఒక్కమాట అనండి. తండ్రి ఆ మాట అంటే పిల్లవాడి ముందు చులకనైపోడు. ఆ తరవాత పెద్ద ఆసుపత్రికి ఏ రోజు వెళ్ళాలో ముగ్గురూ కూర్చుని అనుకోండి. పరీక్షల కాగితాలు చేతికి వచ్చాక మళ్ళీ నాకు ఉత్తరం రాయండి. ఆ కవరులో మీ అబ్బాయి వేసిన రథం అచ్చు ఒకటి పెట్టమనండి. ఆకులు నేనూ లెక్కపెడతాను.